మా అన్న బరాత్‌కు కొన్న ఆంప్లిఫయర్

మా అన్న గోపి పెళ్ళికి ముందు చేయాల్సిన పనులు ఇవి:

చర్చిలో మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదివించాలి.
హాలియా పోయి ఆడపిల్ల వాళ్ళకు బట్టలు పెట్టి రావాలి.
చర్చి ముందు గుంత పూడ్చి పందిరి వేయాలి.
గొర్రెపోతుల కోసం జంగయ్యకు ముందే చెప్పి ఉంచాలి.
మేనత్తలకు చీరలు, మేనమామకు పంచె తేవాలి.
నాయినకు జేబులున్న తెల్ల చొక్కా కుట్టించాలి.
బొలేరో వెనక ఉన్న బాస్ స్పీకర్లకు ఆంప్లిఫయర్ కొనాలి.

ఆఖరి పని నాకు పడింది. మిగిలినవి ఎవరో ఒకరు చేయగలిగినవే. ఇది మాత్రం తక్కువ డబ్బుతో, లెక్క తప్పకుండా చేయాల్సిన పని. ఇది సరిగ్గా కాకపోతే మా నాయిన తన కొడుకు బరాత్‌లో, అంటే పెళ్ళి ఊరేగింపులో, డప్పు పట్టుకోవాల్సి వస్తుంది. అది జరగనివ్వనని అనుకున్నాను. ఎందుకో చెప్తాను.

మాది మోతె మండలంలో ఒక ఊరు, మాదిగ వాడ. మా నాయిన మత్తయ్య డప్పు కొడితే పక్క ఊరి వాళ్ళు కూడా ఇది మత్తయ్య దెబ్బ అని గుర్తుపట్టేవారు. డప్పంటే ఆయనకు ప్రాణం. అయితే మా ఊళ్ళో ఒక అలవాటు ఉంది. పెద్ద ఇళ్ళల్లో ఎవరైనా పోతే మనిషి వచ్చి కబురు చెప్తాడు. డప్పు మంట దగ్గర కాచుకుని వెంటనే పోవాలి. వస్తావా అని అడగడం ఉండదు. కూలి ఇస్తారు, ఇవ్వరని కాదు. కానీ ఆ రోజు నీకు జ్వరమా, నీ ఇంట్లో పండగా అని ఎవరూ అడగరు. ఇక పెళ్ళిళ్ళంటారా, మా వాడలో జరిగిన ప్రతి పెళ్ళికీ నాయినే కొట్టాడు. సొంత తమ్ముడి పెళ్ళిలో కూడా అంతే. అందరూ పెళ్ళికొడుకు పక్కన నడుస్తుంటే ఆయన ముందుండి, వెనక్కి నడుస్తూ, చెమటలు కారుతూ కొట్టాడు. ఆ పెళ్ళి ఫోటోల్లో నాయిన ఎక్కడా నిలబడి లేడు.

అన్నకు హాలియా అమ్మాయి స్రవంతితో సంబంధం ఖాయమైన రోజు, అన్నం తింటూ నాయిన ఉన్నట్టుండి అన్నాడు.

"ఇగ నేను కబురుకు పోను. సావైనా, లగ్గమైనా. నాకు బుద్ధయితే కొడ్త, లేకుంటే లేదు. గోపిగాని బరాత్‌ల నేను పెండ్లికొడుకు నాయిన లెక్క నడుస్త. ఉత్త చేతులతోని."

అమ్మ కూర వేస్తూ ఆగింది. మా అమ్మ పెంటమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నాటు కూలికి పోతుంది. మడిలో వంగిందంటే వరస అయ్యేదాకా నడుము ఎత్తదు. ఆమె నాయినను చూసి, "మరి చేతులు ఏడ పెట్టుకుంటవ్?" అని అడిగింది.

నాయిన నిజంగానే ఆలోచించాడు. జేబుల్లో అన్నాడు. ఆయనకున్న చొక్కాల్లో వేటికీ కింద జేబులు లేవు. అందుకే ఆ చొక్కా పని కూడా పైన రాయాల్సి వచ్చింది.

వాడలో డప్పు కొట్టే మిగతా వాళ్ళంతా మాకు వరసయ్యే వాళ్ళే. ఆ రోజు వాళ్ళు కూడా చుట్టాల్లాగే ఉండాలి, ఎవరూ పని చేయొద్దు అన్నాడు నాయిన. కాబట్టి డీజే బండి మాట్లాడుకున్నాం. మండలంలో టెంట్ హౌస్ నడిపే ఆయన అడ్వాన్సు తీసుకుని, తారీకు రాసుకున్నాడు. వారం తిరక్కముందే అన్నకు ఫోన్ చేసి అడ్వాన్సు వాపసు తీసుకుపొమ్మన్నాడు.

"తమ్మీ, పటేల్ వాళ్లింట్ల ఏ పనైనా నా టెంటే పడ్తది. నన్ను పరేషాన్ల వెట్టకు" అన్నాడట.

విషయం అప్పుడు అర్థమైంది. మా ఊళ్ళో పెద్ద ఇల్లు పెద్ద పటేల్‌ది. ఆయనకు తొంభై దాటాయి, చాలా రోజులుగా మంచం మీదే ఉన్నాడు. ఇంటి పెత్తనమంతా కొడుకుది. ఆయనకూ అరవై ఉంటాయి గానీ ఊరంతా చిన్న పటేల్ అనే అంటారు. మత్తయ్య ఇక కబురుకు రాడట అనే మాట ఆయన చెవిన పడింది.

రెండు రోజులకు గొర్రెల జంగయ్య మా ఇంటికి వచ్చాడు. పటేల్ బీడులో గొర్రెలు మేపుకుంటాడు కాబట్టి వాళ్ళ కబుర్లు మోయడం కూడా ఆయన పనే. చిన్న పటేల్ ఏమన్నాడో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. పెద్దాయన పోయిన రోజు మత్తయ్య ఒక్కసారి వచ్చి కొడితే చాలట. గోపి బరాత్‌కు డీజే బండి తన ఖర్చుతోనే పెట్టిస్తాడట. లేకపోతే ఈ మండలంలో సప్పుడు ఎట్లా దొరుకుతుందో చూసుకోమన్నాడట.

జంగయ్య పోయాక అన్న మెత్తబడ్డాడు. ఒక్కసారే కదా, ముసలాయన కోసమే కదా అన్నాడు. అన్నను తప్పుపట్టలేను, పెళ్ళి ఆయనది. స్నేహితులందరికీ డీజే అని చెప్పుకున్నాడు. నాయిన ఏమీ అనలేదు. అనకపోవడం చూసే నాకు భయం వేసింది. కొడుకు నోరు తెరిచి అడిగితే ఆయన కాదనలేడు.

"గట్లయితే బరాత్‌ల కొట్టేది ఎవరు అన్నా?" అని అడిగాను. "బండి పేరుకే. నాయిన చేతులే మళ్లొక్కసారి కొట్టినట్టు."

అన్నకు కోపం వచ్చింది. "అయితే నువ్వే తే సప్పుడు దీపా. ఇంజనీరింగ్ సదివినవ్ గద."

తెస్తానన్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. కోదాడలో ఎలక్ట్రానిక్స్ చదివి అక్కడే ఒక కాలేజీ ల్యాబ్‌లో పని చేస్తున్నాను. నా చదువు వల్ల ఇంటికి ఇంతవరకు నెల జీతమే వచ్చింది. మరో రకంగా పనికొచ్చే అవకాశం అదే మొదటిసారి.

అన్న బొలేరో సెకండ్ హ్యాండ్‌ది. కొన్నప్పుడే దాని వెనక భాగంలో పెద్ద చెక్క డబ్బా, అందులో పన్నెండు అంగుళాల బాస్ స్పీకర్లు రెండు ఉన్నాయి. పాత యజమాని ఆంప్లిఫయర్ మాత్రం పీకేసుకున్నాడు. ఆంప్లిఫయర్ లేకపోతే ఆ స్పీకర్లు మూగవి. అన్న ఆ డబ్బా మీద ప్యాసింజర్ల సంచులు పెట్టేవాడు. ఆదివారం చర్చి అయ్యాక ల్యాబ్ నుంచి తెచ్చిన మీటర్ పెట్టి చూశాను. స్పీకర్లు రెండూ బతికే ఉన్నాయి. ఒక్కొక్కటి నాలుగు ఓమ్‌లు, నిలకడగా రెండు వందల యాభై వాట్లు తీసుకోగలవు. రెండూ కలిపి కడితే లోడు రెండు ఓమ్‌లకు పడిపోతుంది. అంటే ఆంప్లిఫయర్ మీద బరువు పెరుగుతుంది. ఆ బరువు మోస్తూ గంటసేపు ఐదు వందల వాట్లు ఇవ్వగల ఆంప్లిఫయర్ కావాలి. అడ్వాన్సు వాపసు వచ్చిన డబ్బులోనే అది రావాలి.

ముందు సూర్యాపేట పోయాం, నేనూ అన్నా. కార్ డెకార్ షాపులో అద్దాల అరల నిండా ఆంప్లిఫయర్లే. నీలం లైట్లు, ఎర్ర లైట్లు. షాపాయన నా వైపు చూడలేదు. నేను అడిగిన ప్రతి మాటకూ అన్నకు జవాబు చెప్పాడు. మూడు వేల ఐదు వందల వాట్లు అని ముందు వైపు పెద్ద అక్షరాలతో రాసి ఉన్న ఒక డబ్బా తీసి అన్న చేతిలో పెట్టాడు. ధర మా చేతికందేదే. అన్న ముఖం వెలిగిపోయింది.

నేను దాన్ని తీసుకుని వెనక్కి తిప్పాను. కరెంటు లోపలికి పోయే చోట ఫ్యూజులు ఉంటాయి. ఇరవై ఆంపియర్లవి రెండే ఉన్నాయి. కారు బ్యాటరీ ఇచ్చేది పన్నెండు, పద్నాలుగు వోల్టులు. ఆ రెండు ఫ్యూజుల గుండా ఎంత లాగినా ఐదు వందల అరవై వాట్లు దాటి లోపలికి పోదు. అందులో సగం వేడికే పోతుంది. బయటికి వచ్చేది మూడు వందలు కూడా ఉండదు. పాటలో ఒక్క క్షణం ఎగిరే అంకెను ఇంకా ఊది డబ్బా మీద రాస్తారు. ఆపకుండా ఎంత ఇస్తుందన్నది లోపలి కాగితం మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఉంటే. ఈ డబ్బాలో ఆ కాగితమే లేదు.

రెండు ఓమ్‌ల మీద ఇది ఎంతసేపు నడుస్తుందని అడిగాను. షాపాయన మొదటిసారి నన్ను చూశాడు.

"మేడమ్, మీరు కొనెటందుకు వచ్చిండ్రా, పరీక్ష పెట్టెటందుకా?"

"పరీక్ష పాసయితే కొంటం" అన్నాను.

అన్న నవ్వాపుకున్నాడు. షాపాయన ఆ డబ్బా లోపల పెట్టేసి, తమ్మీ, నువ్వొక్కడివే మళ్ళీ రా అన్నాడు. అన్న ఏమనుకున్నాడో, నాకంటే ముందే షాపు మెట్లు దిగాడు. బండిలో కూర్చున్నాక, ఫ్యూజుల లెక్క మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. తర్వాతి రెండు షాపుల్లో తనే డబ్బాలు తిప్పి ఫ్యూజులు చూశాడు. ఒక షాపులో ఐదు వేల వాట్ల దానికి ముప్పై ఆంపియర్ల ఫ్యూజు ఒక్కటే ఉంది. ఇదేంది భయ్యా అని అన్నే అడిగేశాడు.

తర్వాతి వారం డ్యూటీ అయ్యాక కోదాడలో వెతికాను. అక్కడ ఒక షాపులో నాకు కావాల్సిందే ఉంది. బాస్ స్పీకర్ల కోసమే చేసిన ఒక్క ఛానల్‌ది. రెండు ఓమ్‌ల మీద నిలకడగా ఐదు వందలని కాగితం మీద స్పష్టంగా ఉంది. షాపాయన మర్యాదస్తుడు, నేను అడిగినవన్నీ విప్పి చూపించాడు. కానీ ధర మా లెక్కకు రెండింతలు. ఒక స్పీకర్ అమ్మేసి ఒక్కదానికే సరిపడా చిన్నది తీసుకోమని సలహా ఇచ్చాడు. ఇంట్లో వినడానికి అయితే అదే చేసేదాన్ని. బజారులో మూడొందల మంది నడిచే బరాత్‌కు ఒక్క స్పీకర్ చాలదు. ఆ మాటే చెప్పాను.

ఆయన డబ్బా మూసి, "మిర్యాలగూడ వెళ్ళి చూడండమ్మా. మిల్లుల వాళ్ళ పిల్లలు ఏడాదికో సిస్టమ్ మారుస్తుంటారు. పాతవి బ్యాటరీ షాపుల్లో వదిలేస్తారు. మంచివే ఉంటాయి, కాకపోతే చూసి తీసుకోవాలండీ" అన్నాడు.

మిర్యాలగూడకు నాయిన కూడా వస్తానన్నాడు. ఎందుకని అడిగితే, సప్పుడు నేను ఇనొద్దా అన్నాడు. ఊళ్ళోకి వస్తుంటే మిల్లుల దగ్గర ఊక వాసన తగిలింది. మూడో షాపులో దొరికింది. అది వసంత అనే ఆమె నడిపే బ్యాటరీ షాపు. నాకంటే పదేళ్ళు పెద్ద ఉంటుందేమో. చేతులకు నల్ల గ్రీజు, చెవిలో ఫోను. నేను అడగగానే లోపలి నుంచి పాత గోనెసంచి లాగింది. అందులో నలుపు రంగు ఆంప్లిఫయర్. పైన గీతలు పడ్డాయి, ఒక స్క్రూ లేదు, లైట్లు అసలే లేవు. ఫ్యూజులు చూశాను. ముప్పై ఆంపియర్లవి రెండు. పేరు చూసి కంపెనీ కాగితం ఫోన్‌లో తీశాను. అన్నీ సరిపోయాయి. వేడికి ఎక్కువ పోగొట్టని రకం కాబట్టి ఐదు వందలు సులువుగా ఇస్తుంది.

"గంటసేపు నడిపి సూడొచ్చా అక్కా?" అని అడిగాను.

"రెండు గంటలు నడుపు. కరెంటు నీ బండిదే గద" అంది వసంత.

షాపు ముందు బొలేరో ఆపి, ఇంజను ఆన్‌లో ఉంచి, ఆమె దగ్గరున్న వైర్లతో కట్టి చూశాం. డబ్బా మోగింది. ఎదురు హోటల్ వాళ్ళు బయటికి వచ్చారు. నాయిన రెండు అడుగుల దూరంలో, తల పక్కకు వంచి నిలబడ్డాడు. ఆంప్లిఫయర్ మీద చేయి పెట్టి చూస్తూ ఉన్నాను. వెచ్చబడింది గానీ కాలలేదు. గంట అయ్యేసరికి కూడా చేయి పెట్టగలిగాను.

"దెబ్బ మంచిగనే ఉంది" అన్నాడు నాయిన. "పడ్డంక ఆగుతలేదు. ఈడ్సుకుంట పోతంది."

బాస్ బూస్ట్ అనే మీట పూర్తిగా తిప్పి ఉంది. పాత యజమాని అలవాటు. అది సున్నాకు తెచ్చి, పైనున్న సన్న శబ్దాలు ఇటు రాకుండా ఇంకో మీట సరిచేశాను. ఇప్పుడు దెబ్బ దెబ్బకూ మధ్య ఖాళీ వినపడింది. నాయిన చూపుడు వేలు తొడ మీద ఆడుతోంది. తనకు తెలియకుండానే ఆడుతోంది.

వసంత మా నాయిన వేలు చూసింది. ధర దగ్గర కాసేపు నేనూ ఆమే గట్టిగానే వాదించుకున్నాం, చివరికి మా దగ్గరున్న దాంట్లో సరిపోయింది. బ్యాటరీ నుంచి వేసే మందం వైరు కూడా అందులోనే అడిగాను. చుట్ట తీసి ఇచ్చింది. బ్లేడుతో కొన గీకి చూశాను, లోపల తెల్లగా మెరిసింది. అల్యూమినియం మీద రాగి పూత. ఇది వద్దక్కా అన్నాను. ఆమె నవ్వి వేరే చుట్ట తీసింది. అది లోపలిదాకా ఎర్రగానే ఉంది.

"వారంల పోతే తే, మారుస్త. బరాత్ అయినంక పోయిందని తెస్తే మాత్రం నాకు తెల్వదు" అంది.

ఆ ఆదివారమే బిగించాను. బ్యాటరీ పక్కనే పెద్ద ఫ్యూజు పెట్టాను, వైరు ఎక్కడైనా ఒరుసుకుని మంటలు రాకుండా. బాస్ ఎక్కువ తక్కువ చేసే చిన్న మీటను స్టీరింగ్ పక్కన పెట్టాను. మొదటిసారి ఆన్ చేసినప్పుడు మా ఇంటి రేకులు కదిలాయి. అమ్మ లోపల గిన్నెలు పడకుండా పట్టుకుంది. వాడంతా వచ్చింది. అన్న నా తల మీద చేయి పెట్టి ఊపాడు. ఆ సప్పుడు పటేల్ ఇంటిదాకా పోయే ఉంటుంది. పోవాలనే నేను ఆ రోజు కొంచెం ఎక్కువసేపు నడిపాను.

పెళ్ళి పొద్దున మెయిన్ రోడ్డు మీది చర్చిలో బాగా జరిగింది. నాయిన తెల్ల చొక్కాలో వచ్చాడు, పక్కల రెండు జేబులు. చర్చి ముందు పందిరిలో భోజనాలు నడుస్తుండగా జంగయ్య వచ్చి బయట నిలబడ్డాడు. లోపలికి రాలేదు. పెద్ద పటేల్ పోయాడు.

"మత్తయ్యా, నన్ను తిట్టకు. తెమ్మంటే తెచ్చిన. నువ్వు వచ్చి కొట్టినంకనే శవాన్ని లేపుతరట. అప్పటిదాక బరాత్ బజార్లకు రావొద్దన్నడు."

హాలియా వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. మాకున్న దారి బజారే, ఊరి పెద్ద వీధి. మెయిన్ రోడ్డు నుంచి వాడకు పోవాలంటే పటేల్ ఇంటి ముందు నుంచే పోవాలి.

నాయిన చేయి కడుక్కుని వచ్చాడు. "పెద్దాయనను లేపేదాక మా బరాత్ కదలదు. సావుకు ఇయ్యాల్సిన మర్యాద ఇస్తం. డప్పుకు మాత్రం రాను. గదే చెప్పు."

జంగయ్య పోయి, చాలాసేపటికి తిరిగి వచ్చాడు. వాళ్ళు లేపరట, నాయిన కోసమే చూస్తారట. మేము ఇంకా ఆగాం. ఎండ తగ్గింది. ఆడపిల్ల వాళ్ళ ముసలివాళ్ళు బస్సు ఎక్కాలి, అందరూ నాయిన వైపే చూస్తున్నారు. ఇలా ఎంతసేపు ఆగినా అటు వాళ్ళు లేపరని అందరికీ అర్థమైంది. శవాన్ని అడ్డం పెట్టి మమ్మల్ని ఆపారు.

"పోదాం" అన్నాడు నాయిన. "ఆళ్ల ఇంటి ముంగట పాట బంద్ చెయ్యి దీపా. ఇల్లు దాటేదాక."

బొలేరో నేనే నడిపాను. వెనక తలుపు తెరిచి ఉంది, డబ్బా జనం వైపు. దాని వెనక ఆడే పిల్లలు, ఆ వెనక అన్నా వదినా, అన్న పక్కన నాయిన. మెయిన్ రోడ్డు నుంచి బజారు మలుపుదాకా బాగా మోగింది. పక్క అద్దంలో నాయిన కనిపిస్తున్నాడు. చేతులు జేబుల్లో పెట్టాడు, తీశాడు, వెనక కట్టుకున్నాడు, మళ్ళీ జేబుల్లో పెట్టాడు. నవ్వుతున్నాడు. నేను ఆయన్ను అట్లా ఎప్పుడూ చూడలేదు.

పటేల్ ఇంటి గోడ మొదలయ్యే చోట పాట ఆపాను. గేటు ముందుకు వచ్చేసరికి చిన్న పటేల్ రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడు. బ్రేకు వేశాను. నాయిన వెనక నుంచి నడిచి వచ్చి ఆయన ఎదుట నిలబడ్డాడు. లోపల వాకిట్లో పెద్ద పటేల్ కనిపిస్తున్నాడు, మెడదాకా తెల్ల గుడ్డ. నాయిన అటు తిరిగి దండం పెట్టాడు.

"మా నాయిన నీ దెబ్బ మీదనే పోవాలనుకున్నడు మత్తయ్యా" అన్నాడు చిన్న పటేల్. గొంతు మెత్తగానే ఉంది.

"పెద్దాయన మంచిగ పోవాలె పటేలా. నా పిల్లల్ని ఇంట్ల దింపి తానం జేసి వస్త. అందరి లెక్క ఎనక నడుస్త. కొట్టుడు లేదు."

చిన్న పటేల్ పక్కకు జరిగాడు. మేము కదులుతుంటే వెనక నుంచి అన్నాడు, ఈసారి మెత్తగా కాదు. "వాడ దాక సప్పుడు ఇనపడొద్దు."

నాయిన తిరిగి చూడలేదు. మళ్ళీ వెనక్కి పోయి అన్న పక్కన నడిచాడు. నేను బండి పోనిచ్చాను. పటేల్ ఇంటి గోడ అయిపోయింది. వాళ్ళ కొట్టం అయిపోయింది. నీళ్ళ ట్యాంకు వచ్చింది. ఇల్లు దాటాం, పాట పెట్టాలి. నా చేయి స్టీరింగ్ మీదే ఉంది. ఇన్నాళ్ళు షాపుల్లో అందరికీ జవాబు చెప్పిన నేనే, ఆ ఒక్క మాటకు మీట దగ్గరికి చేయి పోనివ్వలేకపోయాను. వెనక మూడొందల మంది చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. అరుగుల మీద కూర్చున్న వాళ్ళు చూస్తున్నారు. చూసేవాళ్ళకు మేమే శవాన్ని తీసుకుపోతున్నట్టు ఉండాలి. అద్దంలో నాయిన చేతులు జేబుల్లో లేవు, పక్కన వేలాడుతున్నాయి. తల దించుకుని నడుస్తున్నాడు.

అప్పుడు అమ్మ నా కిటికీ దగ్గరికి వచ్చింది. ఆడవాళ్ళ గుంపులో నుంచి ఎప్పుడు వచ్చిందో తెలియదు.

"ఏంది, కాలిందా?"

"లేదమ్మా. పటేల్ వాడదాక వద్దన్నడు."

"ఆయన ఇల్లు అయిపోయింది. ఇది బజారు" అంది అమ్మ. కిటికీలో నుంచి చేయి లోపలికి పెట్టింది. ఏది దేనికో ఆమెకు తెలియదు. ముందు పాటల సెట్టు గుండ్రం మీట నొక్కింది, పాట వచ్చింది. తర్వాత కింద నేను పెట్టిన బాస్ మీట పట్టుకుని, అది ఆగేదాకా తిప్పింది.

బజారంతా ఒక్కసారి కదిలినట్టయింది. పిల్లలు అరిచారు. ఆంప్లిఫయర్ తట్టుకుంది, శబ్దం కూడా బొంగురుపోలేదు. రెండు ఇళ్ళ ముందు నుంచి మనుషులు లేచారు, ఒకాయన ఆపండి అన్నట్టు చేయి ఊపుతూ బండి వైపు వచ్చాడు. అమ్మ నా తలుపు పట్టుకుని నడుస్తోంది. ఆయన నా దగ్గరికి రావాలంటే అమ్మను జరిపి రావాలి. అమ్మ జరగలేదు. ఆయన్ను చూడను కూడా లేదు. నాటు మడిలో వరస పట్టుకున్నట్టు, ముందుకే చూస్తూ, వాడ మొదలయ్యేదాకా ఆ తలుపు వదలలేదు.

అద్దంలో చూశాను. అన్న వదిన చేయి పట్టుకుని ఆడుతున్నాడు. వాళ్ళ మధ్యలో నాయిన. రెండు చేతులూ తల పైకి లేచి ఉన్నాయి.

పిల్లలను ఇంట్లో దింపాక నాయిన స్నానం చేసి, పాత చొక్కా వేసుకుని, చెప్పినట్టే పోయాడు. పటేల్ వాళ్ళు చివరికి సూర్యాపేట నుంచి బ్యాండు పిలిపించారు. నాయిన అందరి వెనక నడిచి, మట్టి వేసి వచ్చాడు. ఆయనతో ఎవరూ మాట్లాడలేదట. ఆయన కూడా మాట్లాడలేదట.

ఇప్పుడు మా వాడలో ఎవరి పెళ్ళయినా బొలేరోనే పోతుంది. ఊళ్ళో ఈ సంగతి చెప్పుకునేటప్పుడు మత్తయ్య డప్పుకు పోలేదట అంటారు, వాళ్ళ బిడ్డ మిషన్ తెచ్చిందట అంటారు. ఆంప్లిఫయర్ ఎక్కడ కొన్నావని నన్ను ఫోన్ చేసి అడుగుతారు. ఫ్యూజులు చూడమని, వైరు గీకి చూడమని అందరికీ చెప్తాను.

ఆ సంవత్సరం నాట్లకు పటేల్ పొలంలోకి అమ్మ పోయే కూలి ముఠాను పిలిచారు, అమ్మ ఒక్కదాన్ని తప్ప. ఈ సంవత్సరమూ పిలవలేదు. ఆమె తెల్లవారక ముందే ఆటో ఎక్కి కోదాడ వైపు ఊళ్ళకు కూలికి పోతోంది. ఎందుకు అంత దూరమని ఎవరైనా అడిగితే అక్కడ మడులు మెత్తగా ఉంటాయని చెప్తుంది. ఆ రోజు మీట తిప్పింది ఎవరో ఊళ్ళో ఎవరూ చెప్పుకోరు. చదివే మీకు చెప్తున్నాను. ఆమె పేరు పెంటమ్మ. దయచేసి గుర్తు పెట్టుకోండి.